కొలిమి వెలుగు, కార్మికుని ముఖం

1959 ఫిబ్రవరి 4వ తేదీన భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొన్నది 1955 ఫిబ్రవరి 2న. నాలుగేళ్లు గడిచేసరికి, పొలాలూ పల్లెలూ ఉన్న చోట పొగగొట్టాలు లేచాయి. కరిగిన ఇనుము కాలువ కట్టి పారింది. సంవత్సరానికి పది లక్షల టన్నుల ఉక్కు తయారు చేయాలన్నది ఆనాటి మొదటి లక్ష్యం. అప్పుడు మధ్యప్రదేశ్‌లో భాగమైన ఆ ప్రాంతం 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరింది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి రైలెక్కి వెళ్లి, అక్కడి కొలుముల ముందు నిలబడి జీవితం గడిపిన తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి సంతానం నేటికీ ఆ పట్టణంలో తెలుగు మాట్లాడుతూనే ఉన్నది.

ఆ నిర్మాణ కాలాన్ని దేశం కళ్లారా చూసినది వెండితెర మీదనే. 1948లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ఫిలిమ్స్ డివిజన్ వారి వార్తాచిత్రాలనూ డాక్యుమెంటరీలనూ దేశంలోని ప్రతి సినిమాహాలులోనూ అసలు చిత్రానికి ముందు విధిగా ప్రదర్శించేవారు. తెలుగుతో సహా అనేక భాషలలో వాటికి వ్యాఖ్యానం ఉండేది. ఆనకట్టలు, ఎరువుల కర్మాగారాలు, ఉక్కు కర్మాగారాలు వాటికి ప్రధానమైన వస్తువులు. టెలివిజన్ ఇంటింటికీ రాని రోజులలో బెజవాడ ప్రేక్షకుడైనా, బరంపురం ప్రేక్షకుడైనా కొత్త భారతదేశాన్ని చూడగలిగిన కిటికీ అదొక్కటే.

ఇప్పుడు ఆ తరం చిత్రాలన్నీ డబ్బాలలో చుట్టలు చుట్టుకొని ఉన్నాయి. వాటిని నడిపే ప్రొజెక్టర్లు మూలపడ్డాయి. తిరిగి జనం చూడాలంటే ఆ రీళ్లను స్కానరు మీదికి ఎక్కించి, ఒక్కొక్క ఫ్రేమునూ అంకెలుగా మార్చడం తప్ప మార్గం లేదు. ఆ పని యంత్రం చేస్తుందనీ, మీట నొక్కితే చాలుననీ చాలామంది అనుకొంటారు. కాని ఆ యంత్రం ముందు కూర్చున్న వ్యక్తి మొట్టమొదట ఒక నిర్ణయం తీసుకోవాలి. ఫిలిము గుండా ఎంత వెలుగును పంపాలి? ఈ ఒక్క నిర్ణయం మీద ఎవరి ముఖం చరిత్రలో నిలుస్తుందో, ఎవరి ముఖం చీకటిలో కలిసిపోతుందో ఆధారపడి ఉంటుంది.

నల్లబడిన ఇనుము

కొలిమి ముందు తీసిన ఒక దృశ్యాన్ని ఉదాహరణగా తీసుకొందాము. బ్లాస్ట్ ఫర్నేసు అడుగున రంధ్రం తెరిచినపుడు దాదాపు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమితో ఇనుము బయటికి దూకుతుంది. దాని కాంతి కంటితో చూడలేనిది. అందుకే కొలిమి పనివారు నీలిరంగు అద్దంలోనుండి చూస్తారు. ఆ కాలువకు కొంచెం దూరంలో, షెడ్డు నీడలో, పొడవైన ఇనుప కడ్డీ పట్టుకొని ఒక కార్మికుడు నిలబడి ఉంటాడు. అతని ముఖం మీద పడే వెలుగు ఆ ద్రవలోహపు వెలుగులో వెయ్యోవంతు ఉండవచ్చు. ఈ రెంటినీ ఒకే ఫ్రేములో పట్టడం ఛాయాగ్రాహకునికి పరీక్ష.

నలుపు తెలుపు నెగటివులో వెలుగు తాకిన చోట వెండి రేణువులు ఏర్పడతాయి. ఎక్కువ వెలుగు తాకితే ఎక్కువ వెండి, ఎక్కువ నలుపు. అందుచేత నెగటివులో తళతళలాడే ఇనుము నల్లగా, మందంగా ఉంటుంది. నీడలోని కార్మికుడు పలుచగా, దాదాపు గాజు వలె పారదర్శకంగా ఉంటాడు. దానినుండి ప్రింటు తీసినపుడు ఈ క్రమం తిరగబడి, ఇనుము తెల్లగానూ మనిషి నల్లగానూ కనిపిస్తారు.

ఈ నలుపును కొలిచే విధానాన్ని 1890లో ఇంగ్లండులో ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు మిత్రులు ప్రకటించారు. హర్టర్ రసాయన కర్మాగారంలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. ఫోటోగ్రఫీ అదృష్టం మీద ఆధారపడే విద్యగా ఉండరాదని, కొలతల మీద నిలబడాలని వారి పట్టుదల. వారు నిర్వచించిన కొలతే సాంద్రత. దానిని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఫిలిము తన మీద పడిన వెలుగులో సగం మాత్రమే అవతలికి పోనిస్తే దాని సాంద్రత 0.3. పదోవంతు పోనిస్తే 1. నూరోవంతు పోనిస్తే 2. వెయ్యోవంతు మాత్రమే పోనిస్తే 3. అంకె ఒక్కటి పెరిగినపుడల్లా వెలుగు పది రెట్లు తగ్గుతుంది.

ఉక్కు పట్టణంలోని సాంకేతికులకు ఈ లెక్క కొత్తది కాదు. వెల్డింగు అతుకులను ఎక్స్-రే ఫిలిముతో పరీక్షించేవారు ఆ ఫిలిము సాంద్రత సాధారణంగా 2కూ 4కూ మధ్య ఉన్నదా లేదా అని ముందు చూస్తారు. అంత నల్లని ఫిలిములో లోపాన్ని పట్టుకోవాలంటే మామూలు దీపం చాలదు. దాని వెనుక మిక్కిలి ప్రకాశవంతమైన దీపం వెలిగించాలి. పలుచని ఫిలిమును ఆ దీపం ముందు పెడితే మాత్రం కళ్లు జిగేలుమని ఏమీ కనిపించదు. స్కానరు ముందున్న సమస్య సరిగ్గా ఇదే. అయితే ఇక్కడ మందమైన ఫిలిమూ పలుచని ఫిలిమూ వేర్వేరుగా ఉండవు. రెండూ ఒకే ఫ్రేములో, అంగుళంలో కొద్ది భాగం దూరంలో, పక్కపక్కనే ఉంటాయి.

వెలుగు ఎక్కువైతే, తక్కువైతే

స్కానరు పనిని స్థూలంగా ఇట్లా చెప్పవచ్చు. ఫిలిము వెనుక ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు వెలుగుతాయి. ఫిలిముగుండా వచ్చిన వెలుగు లెన్సు ద్వారా సెన్సరు మీద పడుతుంది. సెన్సరులోని ఒక్కొక్క కణం వర్షపు నీటికి పెట్టిన గిన్నె వంటిది. తన మీద పడిన వెలుగును పోగుచేసి, ఎంత పోగైనదో అంకెలో చెబుతుంది. గిన్నె నిండిన తరువాత ఎంత వాన కురిసినా కొలతకు రాదు. గిన్నె అడుగున నాలుగు చుక్కలు మాత్రమే పడితే, అవి వాన చుక్కలో గిన్నెకున్న తడియో చెప్పలేము. మొదటి స్థితిలో వివరం పొంగిపోతుంది. రెండవ స్థితిలో సెన్సరు సొంత రొదలో కలిసిపోతుంది.

నెగటివును స్కాను చేసేటపుడు దీపపు వెలుగు అతిగా పెట్టారనుకొందాము. పలుచని భాగాల గిన్నెలు ముందుగా నిండిపోతాయి. పలుచని భాగాలంటే నీడలు. తెర మీద అవి చదునైన నలుపుగా మారిపోతాయి. కార్మికుని కనుబొమలు, చెమట, తలపాగా ముడి ఫిలిములో ఉన్నా అంకెలలోకి రావు. దీపపు వెలుగు మరీ తగ్గించారనుకొందాము. అప్పుడు నీడలు భద్రంగా ఉంటాయి గాని, మందమైన ఇనుపధార గుండా వచ్చే వెలుగు చాలక, దాని అలలూ నురుగూ రొదతో గరుకుగా తయారవుతాయి.

నెగటివు పోయి ప్రింటు ఒక్కటే మిగిలిందనుకొంటే కథ తిరగబడుతుంది. ప్రింటులో పలుచని భాగం ఇనుము. మందమైన భాగం మనిషి. వెలుగు ఎక్కువైతే ఇనుము తెల్లని అతుకై పోతుంది. వెలుగు తక్కువైతే మనిషి మాయమవుతాడు. పైగా ప్రింటు నెగటివు కంటే మొండిది. నెగటివు తన ఎదుట ఉన్న విశాలమైన కాంతి వ్యత్యాసాన్ని నొక్కి, సుమారు 2 లోపు సాంద్రతలో ఇముడ్చుకొంటుంది. ప్రింటు తెర మీద కంటికి ఇంపుగా కనిపించడం కోసం దానిని తిరిగి విస్తరింపజేస్తుంది. దాని నలుపులు 3ను కూడా దాటుతాయి. అంటే అత్యంత పలుచని చోటికీ అత్యంత మందమైన చోటికీ వెలుగులో వెయ్యి రెట్లకు పైగా తేడా. కనుకనే నెగటివు దొరికినపుడు దానినే స్కాను చేయాలని అనుభవజ్ఞులు కోరుతారు.

ఈ సమస్య అంకెలలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇళ్లలో వాడే సామాన్యమైన యంత్రాలు వెలుగును 0 మొదలు 255 వరకు మెట్లుగా విభజిస్తాయి. మెట్లు వెలుగుకు సరిసమానంగా ఉన్నాయనీ, ఖాళీ ఫిలిముకు 250వ మెట్టు ఇచ్చామనీ అనుకొందాము. అంతకంటే 0.3 సాంద్రత ఎక్కువ ఉన్న చోటుకు 125వ మెట్టు వస్తుంది. సాంద్రత 1 ఎక్కువైతే 25. సాంద్రత 2 ఎక్కువైతే రెండున్నర. అంటే ప్రవహించే ఇనుములోని కాంతి భేదాలన్నీ రెండు మూడు మెట్లలో ఇరుక్కోవలసి ఉంటుంది. అదే 65,536 మెట్లున్న 16 బిట్ల యంత్రంలో ఖాళీ ఫిలిముకు 65,000 ఇస్తే, సాంద్రత 2 వద్ద కూడా 650 మెట్లు మిగులుతాయి. ముసలి ఫిలిముకు మంచి యంత్రం ఎందుకని అడిగేవారికి ఈ చిన్న లెక్కే సమాధానం.

1990వ దశకంలో కోడక్ సంస్థ సినియాన్ అనే పద్ధతిని ప్రవేశపెట్టినపుడు ఈ చిక్కును మరొక విధంగా విప్పింది. మెట్లను వెలుగుకు బదులు సాంద్రతకు సరిసమానంగా పంచింది. మొత్తం 1,024 మెట్లు. ఒక్కొక్క మెట్టు 0.002 సాంద్రత. ఖాళీ ఫిలిముకు 95వ మెట్టు కేటాయించి, దాని కింద కొంత చోటు వదిలిపెట్టింది. మొత్తం నిచ్చెన పొడవు సుమారు 2.05 సాంద్రత. నెగటివుకు అది సరిపోతుంది. ప్రింటుకు సరిపోదు. నెగటివు కోసం తయారైన కొలబద్దతో ప్రింటును కొలిస్తే నలుపులు తెగిపోతాయన్న సంగతి చాలామంది పని పూర్తయిన తరువాతనే గ్రహిస్తారు.

ఖాళీ ఫిలిము చెప్పే సాక్ష్యం

మరి సరియైన వెలుగు ఏది? నిపుణుల పద్ధతి సరళమైనదే. దృశ్యాన్ని చూసి వెలుగు నిర్ణయించరు. ఫిలిమును చూసి నిర్ణయిస్తారు. ఏ ఫిలిములోనైనా బొమ్మ పడని చోటు కొంత ఉంటుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య సన్నని గీత, అంచున రంధ్రాల పక్కనున్న పట్టీ అటువంటివి. నెగటివులో అంతకంటే పలుచని బొమ్మ ఉండటానికి వీలు లేదు. ఆ ఖాళీ చోటు గిన్నె నిండడానికి కొంచెం ముందు ఆగేటట్లు దీపాన్ని సరిచేస్తే, ఏ నీడా పొంగిపోదు. మందమైన భాగాలకు కూడా ఆ యంత్రం ఇవ్వగలిగినంత వెలుగు దక్కుతుంది. అంచున ఉన్న రంధ్రాలలోనుండి వచ్చే వెలుగు మాత్రం పొంగిపోతుంది. అక్కడ ఫిలిమే లేదు కనుక పోయేది ఏమీ లేదు.

వెలుగు చాలనపుడు సెన్సరు సంకేతాన్ని విద్యుత్తుతో పెంచడం సులభమార్గం. కాని దానితో రొద కూడా పెరుగుతుంది. దీపాన్ని పెంచడమో, ఫ్రేము ముందు దీపం వెలిగే కాలాన్ని పెంచడమో మేలు. పని నెమ్మదిస్తుంది. మిక్కిలి మందమైన ఫ్రేముల కోసం మేలురకం యంత్రాలలో రెండు మెరుపుల పద్ధతి ఉన్నది. ఒకే ఫ్రేమును మొదట తక్కువ వెలుగులో, తరువాత ఎక్కువ వెలుగులో చదువుతారు. మొదటిది పలుచని భాగాలను కాపాడుతుంది. రెండవది మందమైన భాగాలలోనికి చొచ్చుకుపోతుంది. రెంటినీ కలిపితే కార్మికుడూ దక్కుతాడు, ఇనుమూ దక్కుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వెలుగును తానే సరిచేసుకొనే యంత్రాలు కొన్ని ఉన్నాయి. ప్రతి దృశ్యానికీ సగటు వెలుగు లెక్కగట్టి దీపాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. చీకటి షెడ్డులో కొలిమి రంధ్రం తెరుచుకొనే క్షణాన్ని తలచుకోండి. నిజానికి ఆ క్షణంలో షెడ్డు మొత్తం ఒక్కసారిగా వెలుగుతో నిండాలి. దూరాన ఉన్న ముఖాలు బయటపడాలి. తనంతట తాను సరిచేసుకొనే యంత్రం ఆ క్షణంలో వెలుగును కుదించివేస్తుంది. ముఖాలు బయటపడవలసిన సమయంలో అవి మరింత మునిగిపోతాయి. ఛాయాగ్రాహకుడు తీసిన సంఘటన ఒకటి, తెర మీద జరిగే సంఘటన మరొకటి అవుతుంది. కాబట్టి రీలు మొదలు నుండి చివరి దాకా వెలుగును ఒకే చోట బిగించి ఉంచడం పద్ధతి.

దీనికి ఒక మినహాయింపు ఉన్నది. వార్తాచిత్రాల రీళ్లు తరచు అతుకుల బొంతలు. ఒక దృశ్యం అసలు నెగటివు, తరువాతిది నకలు నెగటివు, మరొకటి వేరొక కంపెనీ ఫిలిము కావచ్చు. వాటి ఖాళీ సాంద్రతలు ఒకటిగా ఉండవు. అప్పుడు రీలును ముందుగా చేతితో తిప్పి, ప్రతి అతుకునూ గుర్తించి, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క వెలుగును నిర్ణయించాలి. మార్పు ఫిలిము రకాన్ని బట్టి రావాలి గాని దృశ్యాన్ని బట్టి రాకూడదు.

వెండికీ రంగుకూ ఉన్న తేడా

నలుపు తెలుపు ఫిలిములో బొమ్మను నిలబెట్టేది వెండి. వెండి రేణువులు వెలుగును ఆపడమే గాక పక్కలకు చెదరగొడతాయి. అందుచేత ఒకే ఫిలిము, సూటిగా వచ్చే కిరణాల ముందు ఎక్కువ నల్లగానూ, పరుచుకొని వచ్చే మెత్తని వెలుగు ముందు తక్కువ నల్లగానూ కొలతకు వస్తుంది. 20వ శతాబ్ది తొలినాళ్లలో దీనిని వివరించిన ఆంద్రే కాలియే పేరుతో దీనిని కాలియే ప్రభావమంటారు. స్కానరులో మెత్తని వెలుగు ఉంటే గీతలు కూడా తక్కువగా కనిపిస్తాయి. ధూళిని పరారుణ కిరణాలతో కనిపెట్టి తుడిచివేసే సౌకర్యం రంగుల ఫిలిముకు చక్కగా పనిచేస్తుంది. వెండి ఆ కిరణాలను అడ్డుకొంటుంది కాబట్టి నలుపు తెలుపు ఫిలిముకు పనికిరాదు. దాని విషయంలో ముందుగా చేతితో శుభ్రం చేయడమే గతి.

రంగుల నెగటివుకు నారింజరంగు పొర ఉంటుంది. అది నీలపు వెలుగును ఎక్కువగా మింగివేస్తుంది. మూడు దీపాలనూ సమానంగా వెలిగిస్తే నీలానికి సంబంధించిన గిన్నెలు అరకొరగా నిండుతాయి. ఆకాశమూ నీడలూ గరుకుదేరుతాయి. కనుక మూడు రంగులకూ వేర్వేరుగా వెలుగు సరిచేయాలి. పాత రంగుల ప్రింట్లు గులాబీరంగుకు తిరగడం అందరూ చూసినదే. వాటిలోని నీలి ఆకుపచ్చ వర్ణద్రవ్యం ముందుగా వెలిసిపోవడమే దానికి కారణం. వెలిసిన రంగును తరువాత కంప్యూటరులో లేపవలసి ఉంటుంది గనుక, స్కాను చేసే సమయంలో మూడు రంగులూ గిన్నె నిండా అందడం మరీ ముఖ్యం. కొంచెమే పట్టిన దానిని పెంచితే రొదే పెరుగుతుంది.

బాగుచేయడం, మార్చివేయడం

వెలుగు కొలత తెలిసిన తరువాత వచ్చేది విచక్షణకు సంబంధించిన ప్రశ్న. పాత చిత్రాన్ని ఎంత వెలిగించాలి? నేటి ప్రేక్షకుడు మెరిసే తెరలకు అలవాటు పడ్డాడు. అతనికి పాత చిత్రాలు చీకటిగా తోస్తాయి. ఆ అభిరుచికి తలవంచి స్కానులోనే అన్నింటినీ వెలిగించివేస్తే నష్టం శాశ్వతమవుతుంది.

తెలుగు పాఠకునికి దగ్గరి ఉదాహరణ 1957 నాటి ‘మాయాబజార్’. కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. అందులోని నౌకావిహార దృశ్యపు వెన్నెలను మరచిపోయిన తెలుగువాడు లేడు. ఆ వెన్నెల పూర్తిగా బూడిదరంగు ఛాయల మేళవింపు. ఆ ఛాయలలో నాలుగు మెట్లు పైకి జరిపితే అది సాయంకాలమవుతుంది. ఇంకొంచెం జరిపితే పట్టపగలవుతుంది. వెన్నెల వెన్నెలగానే ఉండాలంటే, స్కానులో ఛాయలన్నీ తెగకుండా రావాలి. తుది రూపంలో మాత్రం బార్ట్‌లే కోరిన మసక నిలవాలి. 2010లో ఆ చిత్రానికి రంగులద్ది విడుదల చేశారు. దానిని మెచ్చినవారూ ఉన్నారు, నొచ్చుకొన్నవారూ ఉన్నారు. ఎవరి అభిప్రాయం ఏదైనా, నలుపు తెలుపు మాతృక భద్రంగా ఉన్నంతకాలమే ఆ చర్చకు అర్థం ఉంటుంది.

అందుకే చిత్రభాండాగారాలు రెండు రూపాలను వేరుచేస్తాయి. మొదటిది ముడి స్కాను. అది చూడటానికి అందంగా ఉండదు. చప్పగా, వెలవెలబోయి ఉంటుంది. కాని ఫిలిములో ఉన్నదంతా దానిలో ఉంటుంది. రెండవది దానినుండి తయారు చేసిన ప్రదర్శన ప్రతి. వెలుగూ నీడా దిద్దేది దానిలోనే. రేపటి తరానికి మన దిద్దుబాటు నచ్చకపోతే ముడి స్కానుకు తిరిగి వెళ్లి తమ రుచికి తగినట్లు మరల దిద్దుకోగలరు. స్కానులోనే దిద్దినవారు ఆ అవకాశాన్ని వారినుండి లాగుకొన్నవారవుతారు.

ఒక సత్యాన్ని మాత్రం మరువరాదు. ఛాయాగ్రాహకుడు తీసిననాడే నెగటివు మీద పడని వెలుగును ఏ స్కానరూ పుట్టించలేదు. కొలిమి కాంతికి భయపడి అతను లెన్సును బాగా మూసి ఉంటే, నీడలోని మనిషి ఆనాడే పోయాడు. స్కానరు చేయగలిగినది ఉన్నదానిని పోగొట్టకపోవడమే. కాని ఆ పని సామాన్యమైనది కాదు.

కాలంతో పోటీ

తప్పు జరిగితే మళ్లీ స్కాను చేయవచ్చు గదా అనే ధైర్యం ఎందుకు పనికిరాదో ఫిలిము స్వభావమే చెబుతుంది. 1950ల ఆరంభానికి ముందు వాడిన నైట్రేటు ఫిలిము సులభంగా అంటుకొంటుంది. 2003 జనవరిలో పుణెలో నైట్రేటు ఫిలిములు నిలవచేసిన గదిలో అగ్నిప్రమాదం జరిగి, పూడ్చలేని నష్టం కలిగింది. తరువాత వచ్చిన అసిటేటు ఫిలిము అంటుకోదు గాని, వేడికీ తేమకూ కుళ్లుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగరు వాసన వస్తే ఆ కుళ్లు మొదలైనదన్నమాట. ఆ ఆమ్లపు ఆవిరి మరింత కుళ్లును పెంచుతుంది. ఫిలిము కుంచించుకుపోయి, ముడతలు పడి, చివరకు స్కానరు పళ్లచక్రం మీద కూర్చోదు. భిలాయి వంటి చోట వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే వానాకాలపు తేమ ఈ వ్యాధికి అనుకూలమైన వాతావరణం. ఒక రీలుకు మంచి స్కాను ఒక్కసారే దొరకవచ్చు. రెండవసారికి ఫిలిము నిలుస్తుందన్న పూచీ లేదు.

ఈ పని విలువను మన దేశంలో ముందుగా గుర్తించినవారిలో పి.కె.నాయర్ ప్రముఖుడు. 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారాన్ని ఆయన దశాబ్దాల పాటు రీలు రీలుగా నింపారు. 2022 మార్చిలో ఆ భాండాగారాన్నీ ఫిలిమ్స్ డివిజన్‌నూ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనం చేశారు. అదే ఏడు మే నెలలో, జాతీయ చలనచిత్ర వారసత్వ పథకం కింద సుమారు 2,200 చిత్రాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు కేటాయించినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంవత్సరం చివర గోవాలో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కె.విశ్వనాథ్ ‘శంకరాభరణం’ పునరుద్ధరించిన ప్రతిని ప్రదర్శించారు. ఈ విద్యలో తెలుగువారి పాత్ర కూడా చెప్పుకోదగినది. ఏలూరు ప్రాంతం నుండి వెళ్లి చిత్రసీమలో స్థిరపడిన ఎల్.వి.ప్రసాద్ స్థాపించిన సంస్థ చెన్నైలో పాత చిత్రాల పునరుద్ధరణను పెద్ద పరిశ్రమగా పెంచింది. జర్మనీలో స్కానర్లు తయారు చేసే ఒక ప్రసిద్ధ కంపెనీ కూడా తరువాత ఆ సంస్థ చేతికి వచ్చింది.

పని పరిమాణం ఊహించడానికి పది నిమిషాల డాక్యుమెంటరీ చాలు. సెకనుకు 24 చొప్పున అందులో 14,400 ఫ్రేములు. 35 మిల్లీమీటర్ల ఫిలిము అయితే 900 అడుగుల పొడవు. ఒక్కొక్క ఫ్రేమును 4,096 నిలువు వరుసలు, 3,112 అడ్డు వరుసల బిందువులుగా చదివి, 16 బిట్ల లెక్కలో దాచితే ఫ్రేముకు సుమారు 76 మెగాబైట్లు. మొత్తం వెయ్యి గిగాబైట్లకు పైమాటే. ఈ రాశిని కనీసం రెండు చోట్ల నిలవచేసి, కొన్నేళ్లకొకసారి కొత్త పరికరాలలోకి మార్చుతూ ఉండాలి. ఖర్చుకు వెరచి చాలాచోట్ల తక్కువ మెట్ల ప్రతి ఒక్కటి తీసుకొని, ఫిలిమును అటకెక్కిస్తారు. కొన్నిచోట్ల పని అయిపోయినదని ఫిలిమునే పారవేస్తారు. ఇంతకు మించిన పొరపాటు లేదు. స్కాను ఎంత మంచిదైనా అది నేటి యంత్రపు చూపు మాత్రమే. రేపు ఇంకా నిశితమైన చూపు రావచ్చు. అప్పుడు చూడటానికి ఫిలిము ఉండాలి.

పెద్ద సంస్థలకే కాదు, ఇది చిన్న డబ్బాల యజమానులకు కూడా వర్తిస్తుంది. కార్మిక సంఘాల కార్యాలయాలలో, సాంస్కృతిక సమితుల బీరువాలలో, ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరుల ఇళ్లలో 16 మిల్లీమీటర్ల రీళ్లు, 8 మిల్లీమీటర్ల ఇంటి చిత్రాలు ఉండవచ్చు. వాటిని పాత ప్రొజెక్టరుకు ఎక్కించి చూడబోవద్దు. కుంచించుకుపోయిన ఫిలిమును దాని పళ్లు చీల్చివేస్తాయి. చల్లని, పొడి చోట ఉంచండి. వెనిగరు వాసన వచ్చే డబ్బాను మిగిలినవాటినుండి వేరుచేయండి. స్కానుకు ఇచ్చేటపుడు మూడు సంగతులు అడగండి. వెలుగు తనంతట తాను మారే మీటను కట్టివేస్తారా? ఖాళీ ఫిలిమును ఆధారంగా పెట్టుకొంటారా? దిద్దని ముడి ప్రతిని, ఏ వెలుగులో చదివారో రాసిన కాగితంతో సహా ఇస్తారా? ఈ మూడింటికీ ఔనని చెప్పినవారి చేతిలో ఫిలిము పెట్టవచ్చు.

చరిత్రలో రాష్ట్రపతుల ముఖాలకు లోటు లేదు. వారి మీద దీపాలు ఎప్పుడూ సరిగానే పడతాయి. వారి ఫోటోలు పత్రికలలో, గ్రంథాలలో, గోడల మీద కావలసినన్ని ఉన్నాయి. కడ్డీ పట్టుకొని నీడలో నిలబడిన మనిషికి ఆ రెండు మూడు సెకన్ల ఫిలిము తప్ప వేరే జ్ఞాపికలు లేవు. అతని పేరు వ్యాఖ్యానంలో ఉండదు. అతని మనుమరాలు ఎప్పుడో ఆ చిత్రం చూసి, ఆ నిలుచున్న తీరును, ఆ తలపాగాను గుర్తుపట్టవచ్చు. గుర్తుపట్టగలగడం, పట్టలేకపోవడం ఒక గదిలో ఒక సాంకేతికుడు దీపాన్ని ఎక్కడ నిలిపాడన్న దాని మీద ఆధారపడి ఉన్నది. సినిమా కళలలోకెల్లా వెలుగు మీద బతికే కళ. దానిని భద్రపరచేవారు వెలుగును కొలిచి వాడాలని కోరడం అత్యాశ కాదు.